తమ్ముడు పెట్టిన సంతకం

సంతకం పెట్టనని ప్రసన్నలక్ష్మి అనలేదు. పెడతానని కూడా అనలేదు. నిన్న సాయంత్రం లాయరు యోగేశ్ ఆ కాగితం చేతికిచ్చి వెళ్ళినప్పటి నుంచి ఆమె నోట ఒక్క మాట రాలేదు, అంతే.

మాట రాలేదు గానీ ఇంట్లో పని ఆగలేదు. తెల్లారి లేచి పాలు కాచింది. బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసింది. బావగారి ముందు పళ్ళెం పెట్టి, పక్కన ఎప్పటిలాగే వేడివేడి మిరపకాయ బజ్జీలు వేసింది. ఆ బజ్జీలే పాండురంగయ్యకు మింగుడు పడలేదు. తిట్టినా బాగుండును. తిట్టే మనిషికి ఏదో ఒక జవాబు చెప్పుకోవచ్చు, బజ్జీలు పెట్టే మనిషికి ఏం చెబుతాం?

"చాలమ్మా," అన్నాడు.

ఆమె ఇంకొకటి వేసి వంటింట్లోకి పోయింది.

వరలక్ష్మమ్మ అంతసేపు ఓర్చుకోవడమే గొప్ప. తోడికోడలు గడప దాటగానే భర్త మీదికి తిరిగింది.

"చూస్తాండారా? నిన్నటి సంది ఇదే వరస. నన్ను అక్కా అని గూడా పిలవల్యా. నేనేం చేసినా ఆమెకు?"

"నీవేం చేయల్యా. గమ్మున సుమ్నె ఉండు."

"సుమ్నె ఉండేకి టైం యాడుండాది? ఎల్లుండి సోమారం. ధారవాడ కోర్టులో మన కాగితం పడకుంటే ఇల్లూ అంగడీ రెండూ జప్తు అని చెప్పిపోయినాడు కదా లాయరు. మీరు తినుకుంటా కూచోండి."

"తినేది యాడుండాదే," అని పాండురంగయ్య పళ్ళెం పక్కకు జరిపాడు.

నిజానికి ఆ కాగితం రెండు పేజీలే. అందులో ఉన్న సంగతి అంతకంటే చిన్నది. ఈ ఇంటి మిరప వ్యాపారంలో నలుగురు భాగస్తులు. అన్నదమ్ములు పాండురంగయ్య, పంపాపతి. పేరుకు వాళ్ళ భార్యలిద్దరూ. రెండేళ్ళ కిందట ఎండుమిరప రోటర్‌డ్యామ్‌కు పంపే ఒప్పందం మీద పంపాపతి ఒక్కడే సంతకం పెట్టాడు. తగాదా వస్తే లండన్‌లో మధ్యవర్తి తీర్పు చెబుతాడని అందులో రాసి ఉంది. తగాదా వచ్చింది. తీర్పూ వచ్చింది, వీళ్ళకు వ్యతిరేకంగా. ఆ తీర్పును ఇక్కడ అమలు చేయించమని సరుకు కొన్నవాళ్ళు ఇప్పుడు ధారవాడ హైకోర్టుకెక్కారు.

తప్పించుకునే దారి ఒక్కటే ఉందన్నాడు యోగేశ్. మిగతా భాగస్తుల ఒప్పుదల లేకుండా ఒక భాగస్తుడు తనంతట తాను వ్యాపారాన్ని మధ్యవర్తి తీర్పుకు కట్టేయలేడని మన చట్టంలో ఉంది. కాబట్టి మిగిలిన ముగ్గురూ నోటరీ ముందు ప్రమాణం చేసి చెప్పాలి. పంపాపతి మాకెవరికీ చెప్పకుండా, మా సమ్మతి అడగకుండా ఈ సంతకం పెట్టాడని.

ప్రసన్నలక్ష్మి భర్త పంపాపతి గుండె ఆగి పోయి పద్నాలుగు నెలలైంది. కాదనడానికి రాలేడు.

వరలక్ష్మమ్మ ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతానంది. "ముందర ప్రసన్న పెట్టనీ, ఆ తర్వాతే నేను," అన్నాడు పాండురంగయ్య. మరదలికి మర్యాద ఇస్తున్నాడని అందరూ అనుకున్నారు. మర్యాద కాదది. భయం.

*

పది గంటలకు శరణ్ వచ్చాడు. పాండురంగయ్యకు ఒక్కగానొక్క కొడుకు. చేతిలో చిన్న గుడ్డసంచి ఉంది. మూతికి రెండు లక్క ముద్రలున్నాయి. దాన్ని తండ్రి ముందు నేల మీద పెట్టాడు.

"కోల్డ్ స్టోరేజీ వాళ్ళు ఫోన్ చేసినారు నాయనా. ఈ మచ్చు సంచి ఇంకా పెట్టుకోవాలా, పారేయాలా అని అడుగుతాండారు. తీసుకోనొచ్చినా."

పాండురంగయ్య దాని వైపు చూడలేదు. చూడకపోయినా వాసన వస్తూనే ఉంది. బళ్లారి బజారులో ముప్పైయేళ్ళుగా ఆయన కాగితం చూసి అమ్మిందీ లేదు, కొన్నదీ లేదు. గుప్పెడు మచ్చు చూపించడం, వాళ్ళు విరిచి వాసన చూడడం, సరే అనడం. ఆ నమ్మకంతోనే ఓడ ఎక్కించేముందు తీసిన మచ్చును ఇద్దరి ముద్రలతో కట్టించి దాచాడు.

"ఇంతవరకూ దీని ముడి ఎవరూ విప్పల్యా," అన్నాడు శరణ్. "రెండు సీళ్ళూ అట్లే ఉండాయి, మనదీ, వాళ్ళ బ్రోకర్దీ. సరుకులో పురుగుమందు ఎక్కువుందని వాళ్ళంటే, ఇదో మచ్చు, పరీక్ష చేయించుకోండి అని ఒక్క మాట అనింటే చాలుండె. అనేకి మన మనిషే లేడాడ."

"తెలుసప్పా."

"ఒక్క పేరు నాయనా. లండన్ పంచాయితీలో మన తరఫున కూచునేకి ఒక్క మనిషి పేరు రాసి పంపమన్నారు. కాగితం పంపిన దినం నుంచి పద్నాలుగు దినాలు టైమిచ్చినారు. పంపకుంటే వాళ్ళ మనిషి ఒక్కడే తీర్పు చెప్తాడని గూడా రాసినారు. నీకు చదివి చెప్పినా నేను."

"మీ చిన్నాయన పోయి అప్పటికి మూడు దినాలు."

"నాకు తెల్దా? కవరు తీసుకునింది నేనే కదా."

శరణ్ సంచిని గోడవారకు జరిపాడు.

ఆ మూడో దినం పాండురంగయ్యకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. తడిబట్టతో పెరట్లో నిలబడి ఉన్నాడు. కొరియర్ వాడు వచ్చాడు. "నాయనా, జవాబు వెంటనే రాయాలంట," అన్నాడు శరణ్. మైలలో ఈ ఇంట్లో కలం ముట్టరు. లెక్క తెరవరు, సంతకం పెట్టరు. తండ్రి పోయినప్పుడు ముట్టలేదు, తల్లి పోయినప్పుడు ముట్టలేదు. "గల్లాపెట్టె మీద పెట్టప్పా, మైల పోయినాక చూస్తాం," అన్నాడు.

మైల పన్నెండు దినాలూ అయ్యేదాకా ఆ కవరు గల్లాపెట్టె మీదే ఉంది. పదమూడో దినం మంగళవారం, మూసిన అంగడి మంగళవారం తెరవడమేమిటన్నాడు తనే. మరునాడు అమావాస్య. గురువారం పొద్దున పూజ చేయించి, కొబ్బరికాయ కొట్టి, కవరు విప్పాడు. గడువు బుధవారంతో అయిపోయింది.

లండన్‌లో మైల లేదు. అమావాస్య అంతకంటే లేదు. గురువారమే వాళ్ళ మనిషి ఒక్కడే తీర్పరిగా కూర్చున్నాడు.

"తమ్ముని దినాల్లో కలం పట్టేకి చెయ్యి రాలేదప్పా నాకు," అన్నాడు పాండురంగయ్య.

"చిన్నాయన ఉండింటే ఆయనే పట్టు అనుండు."

కొడుకు గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే కోప్పడడానికైనా వీలుండేది. ఏ తమ్ముడి మైల కోసం గడువు పోగొట్టుకున్నాడో, ఆ తమ్ముడే మోసం చేశాడని ఇప్పుడు ప్రమాణం చేయాలి. అప్పుడు చాదస్తం చేశాడు సరే, ఇప్పుడు చేయబోయేదానికి ఏం పేరు పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

*

యోగేశ్ పదకొండుకు వచ్చాడు. నలభై దాటని మనిషి, ధారవాడలో చదివి బళ్లారిలో ప్రాక్టీసు పెట్టాడు. మాట మెత్తన, పని కచ్చితం. కాఫీ వద్దన్నాడు.

"పెద్దోరే, నిన్న ఒకటి అడిగేది మరిచినా. ఈ లండన్ పంచాయితీ విషయం మీ తమ్ముడు మీకు ముందే చెప్పినట్ల యాడన్నా ఉండాదా? మెయిలు గానీ, మెసేజీ గానీ?"

"యాల అడుగుతాండావప్పా?"

"నోడి సార్, ఇట్ల చూడండి, మీకు తెలిసి మీరు సరే అనింటే, అది మీ ఒప్పుదలే. అట్లాంటిది ఉండి గూడా లేదని ప్రమాణం చేస్తే సుళ్ళు ప్రమాణం, అబద్ధం ప్రమాణం అయితాది. ఆ కాగితం నేను కోర్టులో వెయ్యను. నా లాయరు సనదు పోతాది. ఉంటే ఇప్పుడే చెప్పేయండి, ఇంకేం దారుండాదో చూద్దాం."

"ఇంకే దారీ లేదని నువ్వే అంటివి కదన్నా," అన్నాడు శరణ్.

"లేదనే చెప్తాండా ఇప్పుడు గూడా."

పాండురంగయ్యకు గుర్తు లేదనుకుంటే పొరపాటు. బాగా గుర్తుంది. తమ్ముడు చెన్నైలో ఉన్నాడు. ఒప్పందంలో ఒక పేజీ ఫొటో తీసి పంపి, కింద టైపు చేసి అడిగాడు. తను అంగడిలో సంచుల మధ్య నిలబడి, మాట రికార్డు చేసి పంపడం శరణ్ కొత్తగా నేర్పించిన ముచ్చటలో, ఫోను నోటి దగ్గర పెట్టుకొని జవాబు చెప్పాడు. ఆ ఫోను పోయినేడు నీళ్ళ తొట్టిలో పడింది. కొత్తది కొన్నాడు. పాత మాటలన్నీ తొట్టిలోనే పోయాయని ధైర్యం చెప్పుకున్నాడు.

"ఏం లేదప్పా," అన్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఆయ్తు, సరే. నాలుగ్గంటలకు నోటరీని పిల్చుకోనొస్తా," అని లేచి, యోగేశ్ వంటింటి వైపు చూశాడు. "అమ్మా, మీరు చదివినారా కాగితం?"

ప్రసన్నలక్ష్మి గడప దగ్గరకు వచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"చదివినా. ఇది కోర్టులో పడినాక ఎవరైనా చూడొచ్చా?"

"కోర్టు కాగితం కదమ్మా. అడిగినోళ్ళకు దొరుకుతాది."

"బజార్లో వాళ్ళకు గూడా?"

యోగేశ్ చేతిలోని ఫైలు మూసుకున్నాడు. "చూడాలనుకునే వాళ్ళు చూస్తారు," అన్నాడు.

"సరేప్పా," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

నిన్నటి నుంచి ఆమె మాట్లాడితే చాలనుకున్నాడు పాండురంగయ్య. మాట్లాడాక, మాట్లాడకుండా ఉంటేనే బాగుండేదనిపించింది.

*

మూడున్నరకు ప్రసన్నలక్ష్మి హాల్లోకి వచ్చింది. చేతిలో భర్త ఫోను ఉంది. ఆ ఫోనును ఆమె రోజూ చార్జింగ్ పెట్టడం అందరూ చూశారు. ఫొటోలు చూసుకుంటుందిలే అని ఎవరూ అడగలేదు.

"అక్కా, నీవూ కూచో. శరణ్, నీవూ ఉండు," అంది. "బావా, మీరొకటి వినాల."

నొక్కింది.

"లండన్ అయితే ఏంది, మోక అయితే ఏందప్పా!" పక్కనున్న మోక పల్లెనూ లండన్‌నూ ఒకే గాటన కట్టేస్తున్న పాండురంగయ్య గొంతు హాలంతా వినిపించింది. వెనక సంచి దింపిన చప్పుడు, ఎవరో నవ్విన చప్పుడు. "మన సరుకు సక్కగుంటే పంచాయితీ యాల వస్తాది? మచ్చు చూసి కొన్యారు. నీవు సరుకు చూసుకో, కాగితం జోలికి పోవద్దు. పెట్టేయ్ సంతకం. నేనుండా కదా!"

దాని కింద ఉన్న రెండో రికార్డు తనంతట తానే మొదలై, ఇంకో గొంతు వచ్చింది. మెత్తని గొంతు, చివర చిన్న నవ్వుతో.

"ఆయ్తన్నా. నీవు చెప్పినాక ఇంకేముండాది."

పద్నాలుగు నెలల తర్వాత ఆ ఇంట్లో పంపాపతి మాట్లాడాడు. వరలక్ష్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నాయనా," అన్నాడు శరణ్. "నీకు తెలుసా ఇది? తెలిసే పొద్దున లేదంటివా?"



"ఆయన్నేం అనొద్దప్పా," అంది ప్రసన్నలక్ష్మి. "నేను గొడవ చేసేకి తేలేదు. సంతకం పెడతా."

"పెడతావా?" అంది వరలక్ష్మమ్మ. నమ్మలేదామె.

"పెడతా అక్కా. రాత్రంతా ఆలోచన చేసినా. ఆయన ఉండింటే ఏం చేసుండు? మా అన్నకేం తెల్దు సార్, నేనే పెట్టినా అని తానే పోయి చెప్పుండు. బావ మీద మాట పడనిచ్చే మనిషా? ఆయన చేసే పనే నేను చేస్తాండా." ఆమె గొంతు అప్పటిదాకా నిలకడగానే ఉంది. "కానీ ఇది ఫోన్లో పెట్టుకొని, లేదని సంతకం పెట్టేకి నాకు చెయ్యి రాదు. బావా, మీ మాట తీసేయండి."

"ఇట్లియ్యి చిన్నమ్మా, నేను తీస్తా," అని శరణ్ చేయి చాపాడు.

"నీవన్న మాట కాదు కదప్పా అది. అన్న మనిషే తీయాల." ఫోను పాండురంగయ్య ముందు పెట్టింది. "ఆయనది మాత్రం ఉండనీండి. ఉత్త ఆయ్తన్నా అంటే దేనికన్నాడో ఎవరికి తెలుస్తాది? నాతో ఎప్పుడూ ఫోన్లోనే మాట్లాడుతాండె. రికార్డు చేసి పంపిన మాట ఇదొక్కటే ఉండాది నా దగ్గర."

ఆమె తన కాళ్ళ మీద పడి ఏడ్చినా ఇంత బాధ ఉండేది కాదు పాండురంగయ్యకు. అమ్మా, వద్దు, ఇల్లు పోతే పోనీ అనాలని నోటిదాకా వచ్చింది. అంటే శరణ్ ముఖం ఏమవుతుందో తెలుసు. అనకపోతే తానేమవుతాడో అదీ తెలుసు. రెండింటి మధ్య, జీవితమంతా చేసిన పనే మళ్ళీ చేశాడు. ఎదుటివాళ్ళు చూపించిన దారిలో, ఆలోచన చేయకుండా చేయి పెట్టాడు.

కళ్ళజోడు లోపలి గదిలో ఉంది. తెచ్చివ్వమని అడగడానికి సిగ్గేసింది. మసక మసగ్గా రెండు పట్టీలు కనబడ్డాయి, ఎడమపక్క తెల్లది, కుడిపక్క పచ్చది. తన ఫోనులో తను పంపిన మాటలెప్పుడూ కుడిపక్కన పచ్చగానే ఉంటాయి. కుడిపక్కదాన్ని బొటనవేలితో నొక్కిపట్టాడు. ఫోను గుర్రుమంది. ఏదో అడిగింది. నొక్కాడు. పట్టీ మాయమైంది. కింద ఇంకేవో అక్షరాలు మెరిశాయి, అవేమిటా అని కళ్ళు చికిలించేలోపు అవీ పోయాయి.

"అయిపోయిందమ్మా," అన్నాడు.

శరణ్ వంగి చూశాడు. చూసి ఫోను లాక్కున్నాడు.

"ఏం చేసినావ్ నాయనా? ఇది చిన్నాయన ఫోను. దీంట్లో కుడిపక్క ఉండేది చిన్నాయన మాట!"

"నాది కాదా?"

"నీది అట్లే ఉండాది, ఎడమపక్క! వెనక్కి తెచ్చుకునేకి కింద అడిగింటాదే, నొక్కల్యా?"

"ఏందో వచ్చిందప్పా," అన్నాడు పాండురంగయ్య. "చూసేలోపల పోయింది."

ఇంటి ముందు కారు ఆగింది. తలుపులు పడ్డ చప్పుడైంది. నోటరీతో ఏదో మాట్లాడుతూ యోగేశ్ మెట్లెక్కుతున్నాడు.

ప్రసన్నలక్ష్మి ముందుకు వచ్చింది. శరణ్ చేతిలోంచి ఫోను నెమ్మదిగా తీసుకుంది. వాళ్ళంతా పొరపాటు పడి ఉంటారన్నట్టు, మిగిలి ఉన్న ఆ ఒక్కదాన్ని నొక్కింది.

"లండన్ అయితే ఏంది, మోక అయితే ఏందప్పా!"

"చిన్నమ్మా, ఆపు," అన్నాడు శరణ్. ఆమె ఆపలేదు.

గడప దగ్గర ఒక చెప్పు విడిచి, రెండోది కాలికుండగానే యోగేశ్ ఆగిపోయాడు. అతని చూపు ఫోను మీది నుంచి పాండురంగయ్య మీదికి తిరిగింది.

"...పెట్టేయ్ సంతకం. నేనుండా కదా!"

గొంతు ఆగింది. ప్రసన్నలక్ష్మి ఎవరి వైపూ చూడకుండా, ఆ తర్వాత రావలసిన జవాబు కోసం ఫోను పట్టుకొని అలాగే నిలబడి ఉంది.